కారు కరెంటు పని సొంతంగా చేసుకుంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు రూ.36,000 వస్తుంది. కారు లోన్ ఈఎంఐ రూ.4,800 కలుపుకొని నెల ఖర్చు రూ.29,000. సేవింగ్స్ ఖాతాలో రూ.70,000 ఉన్నాయి. నిరుడు 2016 మోడల్ ఆల్టో 800ను సెకండ్ హ్యాండ్‌లో రూ.2,10,000కు కొన్నాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. రెండు రోజులు బయటికి తీయకపోతే బ్యాటరీ డౌన్ అవుతోంది. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి. బ్యాటరీ, డైనమో రెండూ మార్చాలని, రూ.14,000 అవుతుందని మెకానిక్ అన్నాడు. పనిలో పనిగా ఆండ్రాయిడ్ స్టీరియో, స్పీకర్లు, యాంప్లిఫయర్, రివర్స్ కెమెరా, ముందు తలుపులకు పవర్ విండోలు, సెంట్రల్ లాక్, ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులు, ఫాగ్ ల్యాంపులు పెట్టుకుందామనుకుంటున్నాను. సామానుకు రూ.40,000, బిగింపుకు రూ.7,500 అడిగారు. వీడియోలు చూసి నేనే బిగించుకుంటే ఆ కూలి మిగులుతుంది కదా సార్? సామాను క్రెడిట్ కార్డుపై 12 నెలల నో కాస్ట్ ఈఎంఐకి ఇస్తామంటున్నారు. లేకపోతే ఈ కారు అమ్మేసి అన్ని ఫీచర్లున్న కారు తీసుకోవడమే మంచిదా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు పనులు ఒకే లెక్కలో కలిసిపోయాయి. ఒకటి రిపేరు, రెండోది ఫీచర్లు. సొంత చేత్తో చేసినందుకు నిజంగా డబ్బు మిగిలేది రిపేరులో. ఫీచర్ల దగ్గర రూ.7,500 మిగుల్చుకోవాలంటే ముందు రూ.40,000 ఖర్చు పెట్టాలి. కూలి మిగులుతుందన్న ఉత్సాహంలో ఆ 40 వేలు మీకు ఖర్చులా కనిపించడం లేదు. అందుకే ముందు రిపేరు సంగతి చూద్దాం.

రెండు రోజులకే బ్యాటరీ దిగిపోతోందంటే బ్యాటరీ, డైనమో (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) పాడయ్యాయని వెంటనే తేల్చేయకూడదు. బండి ఆపేశాక కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతూ ఉండవచ్చు. అదే కారణమైతే రూ.14,000 పెట్టి రెండూ మార్చినా కొత్త బ్యాటరీ కూడా అలాగే దిగిపోతుంది. ఐదారు వందల్లో వోల్టేజి, కరెంటు కొలిచే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. మీ జాబితాలో లేకపోయినా నేను ముందుగా కొనమనేది అదే.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే బ్యాటరీ వోల్టేజి చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 కంటే తక్కువుంటే సగానికి సగం దిగినట్టే. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే డైనమో చార్జింగ్ చేస్తున్నట్టు. హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసినా అది 13.5 పైనే ఉంటే డైనమో మార్చాల్సిన అవసరం దాదాపు లేదు. ఐదు నిమిషాల్లో అయ్యే ఈ పనితో బిల్లులో పెద్ద భాగం తగ్గిపోవచ్చు.

ఇక దొంగ కరెంటు. మీ కారులాంటి చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే లెక్కకు ఒక ఆంపియర్ కరెంటు చొప్పున 35 గంటలు ఇవ్వగలిగేది. బండి ఆగి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు వాడకం మామూలే, దానివల్ల వారం రోజులు ఆగినా ఇబ్బంది రాదు. అదే అర ఆంపియర్ కారుతుంటే రెండు రోజుల్లో 24 ఆంపియర్ అవర్లు పోతాయి. ఇక సెల్ఫ్ తిరగదు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇలాగే ఉంది. కొలవడానికి తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య కలపండి. కొన్ని నిమిషాలు ఆగి రీడింగ్ చూడండి. మీటరు అలా ఉండగా స్టార్ట్ చేయవద్దు, మీటరు ఫ్యూజో మీటరో పోతుంది. రీడింగ్ ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీసి చూస్తూ వెళ్లండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో తేడా ఆ లైనులోనే ఉంది.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి నా మొదటి అనుమానం పాత యజమాని పెట్టించిన స్టీరియో మీదే. బయట కొన్న స్టీరియోలకు పసుపు వైరు నేరుగా బ్యాటరీ నుంచి, ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే లైను నుంచి ఇవ్వాలి. తొందర పనిలో కొందరు ఆ రెండూ కలిపి టేపు చుట్టేస్తారు. అప్పుడు స్టీరియో ఎప్పటికీ పూర్తిగా ఆగదు. మీ బండిలో జరిగింది అదే అయితే రిపేరు ఖర్చు ఒక కనెక్టరు, కొంచెం ఓపిక. డిక్కీ లైటు ఆరకపోవడం, పాత అలారం యూనిట్ లాంటివి కూడా చూడాలి.

కారుతున్నది ఆపి, బ్యాటరీ ఫుల్‌గా చార్జ్ చేశాక కూడా నిలవకపోతే అప్పుడు మార్చండి. బ్యాటరీ షాపుల్లో లోడ్ టెస్ట్ చేసి చెబుతారు. పాత బ్యాటరీ ఎక్స్చేంజ్ ఇస్తే ధర తగ్గుతుంది. పాత యజమాని దగ్గర వారంటీ కార్డు ఉందేమో కూడా అడగండి. చాలా బ్యాటరీలకు ఉచిత వారంటీ అయిపోయాక కూడా కొన్ని నెలలపాటు ధరలో కొంత తగ్గించే ప్రొరేటా వారంటీ ఉంటుంది.

హెడ్‌లైట్ల మసకకు కూడా కొత్త బల్బులే మందు కాదు. లైట్లు వేసి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా, బల్బు హోల్డర్ దగ్గరా వోల్టేజి చూడండి. అక్కడ 14, ఇక్కడ 12 ఉంటే మధ్యలో రెండు వోల్టులు వైర్లలో, స్విచ్‌లో, ఎర్త్ పాయింట్లలో (నెగటివ్ వైర్లు బాడీకి కలిసే చోట్లలో) పోతున్నాయి. హాలోజన్ బల్బుకు ఆ రెండు వోల్టులు తగ్గితే వెలుగు మూడో వంతుకు పైగా పడిపోతుంది. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టులు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. చాలకపోతే బల్బులకు కరెంటును స్విచ్ మీదుగా కాకుండా బ్యాటరీ నుంచే ఇచ్చే హెడ్‌లైట్ రిలే కిట్‌ను, కప్లర్లతో (గుచ్చితే కలిసిపోయే కనెక్టర్లతో) వచ్చేది పెట్టుకోండి, ఒక్క వైరూ కోయనక్కర్లేదు. అద్దం పసుపెక్కి ఉంటే పాలిష్ చేయించండి. ఎల్ఈడీ బల్బులు మాత్రం జాబితా నుంచి కొట్టేయండి. హాలోజన్ కోసం తయారైన రిఫ్లెక్టర్‌లో వాటిని పెడితే వెలుగు చెదిరి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. రాత్రిపూట హైవే మీద అది ప్రాణాలతో చెలగాటం. అరవై వాట్ల చోట వంద వాట్ల హాలోజన్ వేయడం కూడా వద్దు, హోల్డరు కరిగిపోతుంది.

ఇక ఫీచర్ల డబ్బు. మీకు నెలకు మిగిలేది రూ.7,000. ఖాతాలో ఉన్నది రెండున్నర నెలల ఖర్చుకు కూడా చాలదు. ప్రైవేటు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు, అంటే మీ లెక్కన రూ.1,74,000 పక్కన ఉండాలి. మిగులంతా దాచినా అక్కడికి చేరడానికి పదిహేను నెలలు పడుతుంది. రూ.40,000ను ఈఎంఐకి తీసుకుంటే నెలకు రూ.3,333 కట్టాలి, మీ మిగులులో దాదాపు సగం పోతుంది. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ మామూలుగా మీరే కట్టాలి. నగదుకు ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, అసలు ధర అప్పుడు తెలుస్తుంది. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోయినా నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. బండి అమ్మేటప్పుడు ఈ సామానుకు పెద్దగా ధర రాదు. పైగా కోసి టేపు చుట్టిన వైర్లు చూస్తే కొనేవాళ్ల మెకానిక్ ధర తగ్గించమంటాడు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇన్సూరెన్స్. మీకున్నది థర్డ్ పార్టీ పాలసీ, అది మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే. వైరింగ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి బండి కాలిపోతే మీకు ఒక్క రూపాయి రాదు, లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు. అంటే రూ.7,500 కోసం రూ.2,10,000 బండిని పణంగా పెడుతున్నారు. సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీని 2019 సెప్టెంబరు నుంచి విడిగా కొనుక్కునే వీలుంది. ఇవ్వడానికి ముందు బండిని పరిశీలిస్తారు. అందులోనూ అగ్నిప్రమాదానికి కవర్ ఉంటుంది కానీ మామూలు ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు ఉండదు. మీరు అదనంగా బిగించిన ఎలక్ట్రికల్ సామానుకు కవర్ కావాలంటే బిల్లులు చూపించి పాలసీలో రాయించుకోవాలి. దానికి ప్రీమియం సాధారణంగా సామాను విలువలో 4 శాతం. రూ.11,000 స్టీరియోకు ఏడాదికి రూ.440, దానిపై పన్ను.

ఫీచర్లే వద్దని నేను అనను. మీ జాబితాలో మొదట ఓటు వెనక్కి తీసేటప్పుడు సాయం చేసే పరికరానికే. 2019 జులై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు, మీ 2016 బండికి అవి లేవు. కెమెరాకు స్క్రీన్ కావాలి, స్క్రీన్ కోసం స్టీరియో కావాలి, అలా ఖర్చు పెరుగుతూ పోతుంది. బజర్‌తో వచ్చే సెన్సర్ల సెట్ చవక. కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకుంటుంది, సొంతంగా నేర్చుకోవడానికి తగిన పని. సెంట్రల్ లాక్ ఆరు నెలల తర్వాత నగదుతో పెట్టించుకోండి. పవర్ విండోల్లో మోటారు లాగే కరెంటు ఎక్కువ, తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలోంచి వైరు పోనివ్వకపోతే ఒరుసుకుని షార్ట్ అవుతుంది. వాటిని ఆటోనగర్‌లో మంచి ఎలక్ట్రీషియన్‌కే ఇచ్చి పక్కన నిలబడి చూడండి. యాంప్లిఫయర్, ఫాగ్ ల్యాంపులు మానేయండి.

ఏ పని చేసినా ముందు నెగటివ్ వైరు విప్పండి. కొత్తగా ఏది బిగించినా బ్యాటరీకి దగ్గర్లో దానికంటూ ఒక ఫ్యూజు ఉండాలి. పోయిన 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు చోట 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేయవద్దు, సిగరెట్ పెట్టె రేకు అసలే వద్దు. కాలిపోవాల్సింది ఫ్యూజు. దాన్ని కాలనివ్వకపోతే వైరు కాలుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని పసుపు కనెక్టర్ల జోలికి, ఇంజిన్ కంప్యూటర్ వైర్ల జోలికి వెళ్లవద్దు.

కారు మార్చే ఆలోచన కూడా ఇప్పుడు వద్దు. లోన్ ఇంకా ఉంది, అమ్మితే ఏడాదిలో తగ్గిన విలువ అక్కడికక్కడే నష్టపోతారు. కొత్తగా తీసుకునే బండికి మరింత పెద్ద ఈఎంఐ మొదలవుతుంది. ఈ ఆదివారం పొద్దున మూడు రీడింగులు తీసుకుని కాగితం మీద రాసుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఎంత, నడుస్తున్నప్పుడు ఎంత, తలుపులు మూశాక ఎంత కరెంటు కారుతోంది. ఆ కాగితం చూపించి, ఇంతకు ముందు చూసిన మెకానిక్‌ను కాకుండా మరో ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. డైనమోకు డబ్బు కట్టాలా వద్దా అన్నది ఆయన జవాబు విన్నాకే నిర్ణయించుకోండి.