ఆ పాత పోర్షెలో ఏసీ పీకే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ పోర్షె 911 ఎస్‌సీ ఫోటోలన్నీ చూశాను, మీ అత్తయ్యకీ చూపించాను. ఏసీ మొత్తం పీకేసి బండి తేలిక చేస్తానని, తర్వాత ఎప్పుడైనా మంచిది పెట్టించుకుంటానని రాశావు. వద్దనను. పనిచేయని ఏసీని మోసుకు తిరగడంలో అర్థం లేదు. పైగా ఈ బండికి ఇంజన్ వెనకే కదా, ఆ కంప్రెసర్, దాని బ్రాకెట్టు, వెనక మూతకున్న కండెన్సర్ (వేడిని బయటి గాలిలోకి వదిలే జాలీ), ఇవన్నీ వెనక చక్రాల ఇరుసుకి కూడా అవతల వేలాడే బరువు, అది దిగిపోతే సింహాచలం ఘాట్ మలుపుల్లో తేడా నీకే తెలుస్తుంది. కానీ ఒక మాట గట్టిగా చెప్తాను, తీసేటప్పుడే మళ్లీ పెట్టే పని సగం అయిపోవాలి. అలా తియ్యలేకపోతే అసలు ముట్టుకోకు.

నా ఉద్యోగమంతా ఓడల్లో కోల్డ్ రూములు, ఏసీ ప్లాంట్ల మీదే గడిచింది, కార్ల పని ఆ తర్వాత పట్టుకున్నాను. ఓడైనా కారైనా సూత్రం ఒకటే. ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు, లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారేస్తుంది. పారేసే చోటు సరిగ్గా లేకపోతే ఎంత పెద్ద కంప్రెసర్ పెట్టినా డబ్బు దండగ.

ముందు గ్యాస్ సంగతి. నీది 1980 బండి, అందులో పుట్టుకతో వచ్చింది ఆర్-12. ఓజోన్ పొరను తినేస్తుందని 1987లో మాంట్రియల్ ఒప్పందంలో దీన్ని తగ్గించాలని, తర్వాత పూర్తిగా ఆపాలని నిర్ణయించారు, మన దేశం 1992లో అందులో చేరింది, ఇప్పుడు మన దగ్గర కొత్త ఆర్-12 తయారు కాదు. పైపుల్లో ఇంకా ప్రెషర్ మిగిలి ఉంటే నట్టు లూజ్ చేసి గాలిలోకి వదిలెయ్యొద్దు, ఒక కిలో ఆర్-12 భూమిని వేడెక్కించడంలో పది వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను మించిపోతుంది. రికవరీ మెషిన్ ఉన్నవాడి దగ్గరకి తీసుకెళ్లి సిలిండర్‌లోకి లాగించు. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఆ నట్ల దగ్గరకి పోకు, ద్రవం చర్మం మీద పడితే అక్కడే గడ్డకట్టిస్తుంది.

గ్యాస్ దిగాక తియ్యడం కష్టం కాదు. ఏసీ బెల్టు వేరేగా ఉంటుంది కాబట్టి అది తీసేసినా ఇంజన్ ఫ్యాన్‌కి, ఆల్టర్నేటర్‌కి ఏమీ కాదు. ప్రతి బోల్టూ తీసిన చోటు ఫోటో తీసుకో, బోల్టులు చిన్న కవర్లలో వేసి పేరు రాయి, "తర్వాత గుర్తుంటుందిలే" అనుకోవద్దు, ఉండదు. కంప్రెసర్‌ని కలిపి విడదీసే క్లచ్ ఉంటుంది, దానికి వెళ్లే వైరు కత్తిరించకు, చివర ఇన్సులేషన్ చేసి కట్టిపెట్టు. ముందు డికీ కింద అరలో కూలింగ్ కాయిల్ ఉంటుంది చూడు, అది తీశాక పైపుల కన్నాలు, నీళ్లు కారే డ్రెయిన్ కన్నం రబ్బరు బిరడాలతో మూసెయ్యి, లేకపోతే మన వానాకాలంలో ఆ అరలో నీళ్లు నిలుస్తాయి.

తీసిన ప్రతి పైపు నోరూ ఆ నిమిషంలోనే మూసెయ్యాలి. ఇది మాత్రం నా మాట విను. మన విశాఖలో గాలి సముద్రపు గాలి, తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. తెరిచి వదిలేసిన కాయిల్ లోపల పాచిపోతుంది, బయట అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి రాలతాయి. కంప్రెసర్‌లో కాస్త నూనె పోసి రెండు నోళ్లూ మూసి, నెలకోసారి చేత్తో షాఫ్ట్ తిప్పు, అలా తిప్పకపోతే షాఫ్ట్ సీలు ఎండిపోయి తర్వాత అక్కడే లీకవుతుంది. మంచి సామాను ఎండిపోయి పాడవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పాత సామాను అమ్మెయ్యకు, అటక మీద దాచిపెట్టు, బండి పాత రూపంలో ఉండటం ముందు ముందు అవసరం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాలున్న నంబర్ ప్లేటు ఇస్తారు, కాకపోతే చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. నీ బండికి ఆ వయసు రావడానికి ఎన్నో ఏళ్లు లేవు. అందుకే ఇప్పుడైనా తర్వాతైనా బాడీకి కొత్త కన్నం వేస్తానని ఏ మెకానిక్ అన్నా ఒప్పుకోవద్దు, కంపెనీ ఇచ్చిన బోల్టు కన్నాలతోనే పని జరగాలి.

నవంబరులో తియ్యి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా అద్దాలు దించుకుని భీమిలి బీచ్ రోడ్డులో హాయిగా తిరగొచ్చు. ఆ నెలల్లో ఇంకో పని కూడా చెయ్యి. ఈ బండికి హీటర్ గాలి సైలెన్సర్ పైపుల చుట్టూ ఉన్న పెట్టెల్లోంచి వస్తుంది, వాటి మూతలు పాతబడితే హీటర్ ఆపినా వేడిగాలి కాళ్ల దగ్గరకి కారుతూనే ఉంటుంది. చాలామంది ఏసీ చాలట్లేదని కంప్రెసర్ మారుస్తారు గానీ ఈ మూతల వంక చూడరు. ముందు అవి బిగుతుగా మూసుకునేలా చేయించు, తలుపుల రబ్బర్లు మార్పించు. వేడి లోపలికి రావడం ఆపడానికి అయ్యే ఖర్చు, వచ్చిన వేడిని తోడెయ్యడానికి అయ్యే ఖర్చులో పావు కూడా ఉండదు.

ఇక మళ్లీ పెట్టే సంగతి. డబ్బు ఎక్కడ పెట్టాలో అడిగావు, కండెన్సర్ మీద పెట్టు. నీ బండిలో ఒకటి వెనక ఇంజన్ మూత కింద ఉంది, ఇంకోటి ముందు బంపర్ కింద చిన్న ఫ్యాన్‌తో ఉంది. వెనకదాని గుండా వేడెక్కిన గాలినే ఇంజన్ ఫ్యాన్ పీల్చుకుని ఇంజన్ మీదకి ఊదుతుంది, అంటే జగదాంబ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు ఏసీ వేడి ఇంజన్‌కి, ఇంజన్ వేడి ఏసీకి. అది గాలితో చల్లబడే ఇంజన్, నీళ్ల రేడియేటర్ లేదు, కాబట్టి ఆయిల్ టెంపరేచర్ ముల్లు మీద కన్నుండాలి. అందుకే వెనక ఎడమ చక్రం పైనున్న ఫెండర్ లోపల ఇంకో కండెన్సర్, దానికి సొంత ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టించే పద్ధతి వచ్చింది. నేనైతే అదే చేస్తాను. అన్నీ కొత్త రకం పారలల్ ఫ్లో కండెన్సర్లు తీసుకో, పాత గొట్టాల రకం కంటే అదే సైజులో ఎక్కువ వేడి వదులుతాయి. ఫ్యాన్లకి విడిగా రిలే, ఫ్యూజు వేయించు. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చాక ఆ కండెన్సర్లని మంచినీళ్లతో మెల్లగా కడుగు, ప్రెషర్ పంపు కొడితే రెక్కలు వంగిపోతాయి.

కంప్రెసర్ విషయానికొస్తే, నీ బండిలో ఉన్న యార్క్ రెండు పిస్టన్లది, బరువెక్కువ, ఊపెక్కువ. ఐదో ఏడో పిస్టన్లున్న శాండెన్ కంపెనీ రకం, దానికి తగిన బ్రాకెట్టుతో పెడితే తేలిక, నెమ్మది. ఎలక్ట్రిక్ కంప్రెసర్ పెడతానని కూడా అన్నావు. 12 వోల్టుల మీద 1.5 కిలోవాట్లు అంటే 125 ఆంపియర్లు, నీ పాత ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు, ఆ ఆలోచన మానుకో.

మన ఊరి అసలు సమస్య ఎండ కాదు, ఉక్కపోత. కిలో గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కిలోజౌలు చాలు, అదే ఒక లీటరు నీటిని గాలిలోంచి దింపాలంటే దాదాపు 2,450 కిలోజౌళ్లు కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా నీ ఏసీ సగం శ్రమ ఆ తేమని పిండడానికే పోతుంది. అందుకని అద్దాలు మూశాక లోపలి గాలినే తిరగనియ్యి. కింద నీళ్లు ధారగా కారుతుంటే కంగారుపడకు, అది బాగా పనిచేస్తోందని గుర్తు. కారడం ఆగిపోయి గాలి తగ్గితే కాయిల్ మీద ఐసు కట్టిందేమో చూడు.

గ్యాస్ ఆర్-134ఏ వేయించు. ఇది పాత రబ్బరు పైపుల గోడల్లోంచి నెమ్మదిగా జారిపోతుంది, నీ బండిలో పైపు వెనక నుంచి ముందుదాకా అంత పొడవు కాబట్టి లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోసులే కావాలి. కొలతలు తీసుకుని గాజువాక ఆటోనగర్‌లో హోస్ క్రింపింగ్ చేసేవాళ్ల దగ్గర చేయించు, ఏసీ ఫిట్టింగుల డై ఉందా అని ముందే అడుగు. ఓరింగులన్నీ (జాయింట్లలో రబ్బరు రింగులు) కొత్తవి, కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు కొత్తది, లైన్లలో తేమ పీల్చే డ్రయ్యర్ కొత్తది. డ్రయ్యర్ మూత చివరి నిమిషం దాకా తియ్యొద్దు. పాత మినరల్ ఆయిల్ ఈ గ్యాస్‌తో కలవదు, లైన్లు కడిగించి కంప్రెసర్ కంపెనీ చెప్పిన పీఏజీ రకం నూనె గానీ ఎస్టర్ రకం గానీ పొయ్యి. ఆ నూనె డబ్బా మూత తీసి పెడితే గాలిలో తేమ తాగేస్తుంది, మన ఊళ్లో మరీను. హై ప్రెషర్‌లో క్లచ్‌ని ఆపే స్విచ్ ఒకటి తప్పకుండా పెట్టించు.

లీకు చూడటానికి నైట్రోజన్ నింపి సబ్బు నురగ రాయాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తానంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చెయ్యి, నూనెతో కలిస్తే పేలుతుంది. తక్కువలో అయిపోతుందని వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ నింపేవాళ్లూ ఉంటారు, నువ్వు కూర్చునే గదిలోకే గాలి వచ్చే కాయిల్‌లో అది ఉంటుందని గుర్తుపెట్టుకో, ఒప్పుకోవద్దు. తర్వాత వాక్యూమ్ పంపు కనీసం ముప్పావు గంట నడవాలి, ఆపాక అరగంట ముల్లు కదలకూడదు. పది నిమిషాల్లో అయిపోయిందన్నవాడికి డబ్బివ్వకు.

పాత ఆర్-12 ఎంత బరువు పట్టేదో అందులో 80 నుంచి 90 శాతం కొత్త గ్యాస్ వెయ్యమంటారు, కానీ నువ్వు కండెన్సర్లు మారుస్తున్నావు కాబట్టి ఆ లెక్క పూర్తిగా పనికిరాదు, అక్కడ మొదలుపెట్టి గేజులు చూస్తూ కొంచెం కొంచెంగా వెయ్యాలి. లో సైడు (కాయిల్ నుంచి కంప్రెసర్‌కి వచ్చే వైపు) ప్రెషర్ 28 పీఎస్‌ఐకి దిగువన నిలబడితే కాయిల్ సున్నా డిగ్రీల కిందకి వెళ్తోందని అర్థం. హై సైడు (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే వైపు) 300 దాటనివ్వద్దు. ఈ పరీక్ష పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం రెండింటికి, బండి నిలబెట్టి, ఇంజన్ ఐడిల్లో చెయ్యాలి. ఆ తర్వాత ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో అరగంట తిప్పి ఆయిల్ ముల్లు చూసుకో.

కంప్రెసర్ మీద ఉన్న ప్లేటు, ముందు కండెన్సర్ ఫ్యాను, రెండింటి ఫోటోలు దగ్గర నుంచి తీసి పంపు. గ్యాస్ లాగించే రోజు ముందే చెప్తే నా గేజ్ సెట్టు తీసుకుని నేనూ వస్తాను. అక్కకి, బావగారికి నా మాటగా అడిగానని చెప్పు.

మీ మామయ్య