జేబులో తేలిక, చేతిలో బరువు

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. జేబులో పెట్టుకోవడానికి కొనాలనుకుంటున్న చిన్న రివాల్వర్లవని వాట్సాప్‌లో నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. "వీటిలో అన్నిటికన్నా తేలికైనది ఏది మామయ్యా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట నేనూ షాపుకెళ్లి ఇదే ప్రశ్న అడిగాను. కౌంటర్ వెనక కుర్రాడు స్కాండియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్ ఉన్న .357 మాగ్నమ్ (బాగా బలమైన తూటా) రివాల్వర్ ఒకటి నా చేతిలో పెట్టాడు. బరువు 340 గ్రాములు కూడా లేదు. జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియలేదు. మారు మాట్లాడకుండా కొనేశాను. ఆ శనివారం తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్లి ఐదు మాగ్నమ్ తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయింది. పిట్ట కొంచెం, కూత ఘనం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పంతం కొద్దీ ఇంకో ఐదు వేశాను. నాలుగు పేలాక సిలిండర్ బిగుసుకుపోయింది. ఆ అదురుకి మిగిలిన తూటా మొన ఇత్తడి తొడుగులోంచి ముందుకు జారి, ఫ్రేమ్‌కి అడ్డం పడిందన్నమాట. రివాల్వర్ జామ్ కాదని నాకు చెప్పినవాళ్లెవరూ ఈ సంగతి చెప్పలేదు. ఆ తర్వాత అది రెండేళ్లు సొరుగులోనే పడి ఉంది.

తూటా మారనప్పుడు తుపాకీ ఎంత తేలికైతే వెనక్కి అంత గట్టిగా తంతుంది. రోజంతా జేబులో మోసేటప్పుడు తేలిక సుఖంగానే ఉంటుంది, కాల్చేటప్పుడు ఆ లెక్కంతా చెయ్యి తీర్చాలి. చెయ్యి నొప్పెడితే ప్రాక్టీసు మానేస్తావు. ప్రాక్టీసు లేనివాడి జేబులో తుపాకీ ఉండటం కంటే లేకపోవడమే నయం.

అలాగని పూర్తి స్టీలుది తీసుకోమనను. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 640 లాంటిది 640 గ్రాముల దాకా ఉంటుంది. రేంజ్‌లో బంగారంలా ఉంటుంది కానీ, డాలస్ ఎండల్లో పల్చటి పాంటు జేబులో వేస్తే ఆ పక్క జారిపోతుంది. వారం తిరక్కుండా కారులో వదిలేస్తావు. నా సలహా మధ్యరకం: అల్యూమినియం ఫ్రేమ్, .38 స్పెషల్ (మాగ్నమ్ కంటే నెమ్మదైన తూటా), ఐదు గుళ్లు. స్మిత్ అండ్ వెసన్ 642 గానీ, అదే నలుపులో వచ్చే 442 గానీ. బ్యారెల్ రెండంగుళాలకు కొంచెం తక్కువ, బరువు 410 గ్రాముల చుట్టూ. తూటాలు నింపితే ఇంకో 75 గ్రాములు కలుస్తాయి. వీటి అన్న లాంటిది 1950లో వచ్చిన స్టీలు చీఫ్స్ స్పెషల్. అప్పటినుంచి వస్తున్న అచ్చు కాబట్టి హోల్‌స్టర్లు (ఒరలు), పిడులు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంకోటి 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్. దీని కింది భాగం ప్లాస్టిక్‌లాంటి పాలిమర్, బరువు 380 గ్రాములు. చూడటానికి బొమ్మలా ఉంటుంది, నాకు అందం నచ్చదు. కానీ ట్రిగ్గర్ మాత్రం కొత్తవాడి వేలికి మెత్తగా వస్తుంది. 642 ట్రిగ్గర్ గట్టిది, దాదాపు ఐదున్నర కిలోల లాగుడు. అంటే తుపాకీ బరువుకి పది రెట్లకు పైనే. గురి తప్పేది ఇక్కడే. రెండూ అద్దెకు దొరికే రేంజ్‌లో కాల్చి చూశాకే కొను. ఒక్కోదానితో యాభై తూటాలైనా కాల్చు, మొదటి పదికి ఏదైనా బాగానే అనిపిస్తుంది.

హ్యామర్ (తూటాని పేల్చే వెనకవైపు సుత్తి) బయటికి కనబడనిదే తీసుకో. తోక ఉన్నది జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకి తగులుకుంటుంది. .357 పేలుస్తుందని ఎక్కువ డబ్బు పోయొద్దు, ఇంత చిన్న దాంట్లో ఆ మాగ్నమ్‌కి చప్పుడూ మంటా ఎక్కువ, లాభం తక్కువ. ఈమధ్య .32 మాగ్నమ్‌లో ఆరు గుళ్లవి కూడా వస్తున్నాయి. తన్నుడు తక్కువ, మంచివే, కానీ ఆ తూటాలు ప్రతి షాపులో ఉండవు. మీ నాన్న మొన్న ఫోన్లో కాన్పూర్ నిర్భీక్ గురించి అడిగారు. 2014లో వచ్చిన అరకిలో .32 రివాల్వర్ అది. మనకిక్కడ దాంతో పనిలేదని బావగారికి చెప్పాను.

2018లో వచ్చిన సిగ్ పీ365 పిస్టల్ అరకిలో బరువులోనే పది తూటాలు పెట్టుకుంటుంది కదా అంటావు. నిజమే. నీకు రెండు చేతులతో స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) లాగి, జామ్ అయితే తీసే ఓపిక, సాధన ఉంటే అదే మేలు. రివాల్వర్‌లో ఉన్నవి ఐదే, మళ్లీ నింపడం నిదానం. నాకు అరవై దాటాయి, మణికట్టు నొప్పి, అందుకే నాకు రివాల్వరే. నీ వయసులో నేనైతే రెండూ కాల్చి చూసేవాణ్ణి.

తూటాల గురించి ఒక మాట. సాధనకి 148 గ్రెయిన్ల (దాదాపు తొమ్మిదిన్నర గ్రాముల మొన) వాడ్‌కట్టర్ రకం తూటాలు కొను. మొన బల్లపరుపుగా ఉంటుంది, తన్నదు. జేబులో పెట్టుకోబోయే తూటాలతో మాత్రం ఒక పరీక్ష తప్పనిసరి: ఐదు నింపి నాలుగు కాల్చు, ఐదోదాన్ని బయటికి తీసి, పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టు. వెంట్రుకవాసి పొడుగు పెరిగినా ఆ రకం వద్దు. నేను నేర్చుకున్నది ఖరీదు పెట్టి, నువ్వు ఊరికే నేర్చుకో.

పట్టు కూడా చూసుకో. పిస్టల్ పట్టినట్టు ఎడమ బొటనవేలు ముందుకు చాపావంటే, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే వేడి గ్యాస్ కాల్చేస్తుంది. వేలు వెనకే మడుచుకో. చిటికెన వేలికి చోటులేని బుల్లి పిడి జేబులో బాగా దాగుతుంది కానీ, కాల్చేటప్పుడు ఏడిపిస్తుంది. కొంచెం పొడుగుది వేయించు. బ్యారెల్ చివర ఉండే గురిపుల్ల మీద నారింజ రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టు, నాది అలాగే ఉంది, మీ అత్త సీసాలోదే.

జేబుకి హోల్‌స్టర్ లేకుండా ఒక్క రోజు కూడా వద్దు. అది ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, సెల్‌ఫోన్ ఏవీ ఉండకూడదు. నెలకోసారి తుపాకీలో చేరిన నూలుపీచు ఊడ్చెయ్, టెక్సస్ చెమటకి మరకలు పట్టకుండా నూనె గుడ్డతో తుడువు.

కాగితాల సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 నిండినవాళ్లకి, చట్టం అడ్డులేకపోతే, లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ (తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్స్) తీసుకో. నలభై డాలర్ల ఫీజు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, యాభై తూటాల పరీక్ష. ఏది ఎక్కడ నేరమో కూర్చోబెట్టి చెబుతారు. పోస్టాఫీసులోకి వద్దు, ఎర్రటి 51 శాతం బోర్డున్న (ఆదాయంలో సగానికి పైగా మద్యం అమ్మకమేనని చెప్పే బోర్డు) బార్‌లోకి వద్దు. ఎడిసన్‌లో పెళ్లికి వెళ్తున్నావని విన్నాను. మన టెక్సస్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లదు, ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్లు. గుడి సంగతి చట్టం ఏమన్నా సరే, బోర్డు లేకపోయినా లోపలికి తీసుకెళ్లకు. ఇది నా మాట.

నీ గ్రీన్ కార్డుతో నీకు అడ్డులేదు కానీ, మీ ఇంట్లో గది అద్దెకి తీసుకుని ఉంటున్న ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) కుర్రాడికి ఉంది. హెచ్-1బీ వాళ్లకీ అంతే. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం. "అన్నా, ఒక్క ఫొటో" అంటాడు. సరదాకి రేంజ్‌కి తీసుకెళ్లకు, సేఫ్ తాళం ఎక్కడుందో కూడా చెప్పకు. వాడి వీసా పోతే వాళ్ల అమ్మానాన్నలకి నువ్వేం చెబుతావు?

రాత్రి మీ షాపు మూసేటప్పుడు ఎవడైనా గల్లాపెట్టె అడిగితే ఇచ్చెయ్. దానికి ఇన్సూరెన్స్ ఉంది. జేబులోది డబ్బు కోసం కాదు, ప్రాణం మీదికొస్తే, పారిపోయే దారి లేకపోతే.

ఇంకొకటి, నవ్వకు. సంక్రాంతికి ఊరెళ్తున్నావుగా, రేంజ్‌కి వాడే బ్యాగుని ప్రయాణానికి వాడకు. మూల మడతలో ఒక్క తూటా మిగిలి శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. మన తమ్ముడొకడు అల్లుడిగా పండక్కి వెళ్లి స్టేషన్‌లో కూర్చున్నాడు. ఎర్ర బ్యాగు ఒకటి రేంజ్‌కే అని విడిగా పెట్టుకో.

శనివారం పదింటికి రా. నా 642 తెస్తాను, ఎల్‌సీఆర్ అద్దెకి తీసుకుందాం. చెవులకి మఫ్స్ నా దగ్గర రెండు జతలున్నాయి, కళ్లద్దాలు నువ్వు తెచ్చుకో. ఈలోగా మీ అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి నువ్వే చెప్పు. నా నోటి నుంచి వింటే అక్క నన్ను బతకనివ్వదు.

మీ మామయ్య