ఖతుల మధ్య పోయిన సాయంత్రం

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీవు కథలు రాసుకునే ఈమాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి టెట్రిస్ అని కొడితే ఆట తెరుచుకుంటుందని తెలిసిన నాటి నుంచి కథ కదలడం లేదనీ, ఆ సాఫ్ట్‌వేర్‌నే తీసివేయమంటారా అనీ అడిగావు. తీసివేయవద్దు.

1999లో నా మొదటి సంపుటిని కమలానగర్‌లోని ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించుకుంటున్నప్పుడు నేనూ ఈ ఊబిలో కాలు పెట్టినవాణ్ణే. అక్కడి కుర్రవాడు వర్డ్ 97లో కొత్త పత్రం తెరిచి, ఆంగ్లంలో బ్లూ అని కొట్టి, ఆ మాటను బోల్డ్ చేసి నీలిరంగు వేసి, పక్కన ఒక ఖాళీ వదిలి, హెల్ప్ మెనూలోని అబౌట్ పెట్టెలో ఉన్న వర్డ్ బొమ్మపై కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని క్లిక్ చేయగానే పిన్‌బాల్ ఆట ప్రత్యక్షమైంది. ఎడమ రెక్కకు జెడ్, కుడి రెక్కకు ఎమ్. కరెంటు పోయేదాకా ఆడాము. అంతకుముందు కొట్టిన నాలుగు పేజీలనూ సేవ్ చేయలేదన్న సంగతి చీకట్లో కూర్చున్నాక గుర్తుకు వచ్చింది.

ఇలా దాచిపెట్టిన సరదాలను ఈస్టర్ ఎగ్స్ అంటారు. మైక్రోసాఫ్ట్ 2002లో భద్రతపై కొత్త విధానం చేపట్టి వాటికి స్వస్తి చెప్పింది. ఈమాక్స్ ఆటలు ఆ కోవలోకి రావు, ఎందుకంటే వాటి సంగతి దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. పైగా టెట్రిస్ ఆడుతున్నంతసేపూ నీవు రాయడం లేదని నీకు తెలుస్తూనే ఉంటుంది.

నా భయం ఫాంట్ల పట్టికను చూసి. గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో తెలుగు ఖతులు ఉన్నాయి. భువనవిజయం సగం అక్కడే కొలువుదీరింది. పోయిన నెల ఒకే పేరాను ఆ కవులందరి చేతా వరుసగా రాయించి, వరుసల ఎడం సవరించి, అంచులు సర్ది, రాత్రి తొమ్మిదింటికి లేచేటప్పుడు బాగా పనిచేశానన్న తృప్తితోనే లేచాను. మరునాడు చూస్తే ఒక్క మాటైనా మారలేదు. (పేరా మాత్రం ధూర్జటిలో నిజంగానే అందంగా ఉంది.)

కాబట్టి మొదటి ప్రతిని నోట్‌ప్యాడ్‌లో రాయి. మొదటి వరుసలో ఒక చుక్క, దానికి ఆనుకుని ఆంగ్ల పెద్ద అక్షరాలలో లాగ్ అని కొట్టి సేవ్ చేస్తే, ఫైలు తెరిచిన ప్రతిసారీ అప్పటి వేళ, తేదీ చివరన వాటంతట అవే పడతాయి. రెండు తేదీల నడుమ ఏమీ లేని రోజులు నీకే కనిపిస్తాయి. వాటిని చెరపకుండా అలాగే ప్రింటు తీసి, వచ్చే ఆదివారం కథతో పాటు పట్టుకునిరా. ఏ ఖతి అయినా సరే.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు