ఉద్దానానికి అరవింద్ పద్ధతి పనికొస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. సోషల్ వర్క్ చదువుతున్నాను. వివిధ దేశాల వైద్యసేవల్లో సోషల్ ఎంటర్‌ప్రైజ్ సంస్థల పాత్రపై పరిశోధన చేయాలని ఉంది. అలాంటి సంస్థ మా కిడ్నీ రోగులకు డయాలసిస్ అందించగలదా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: విరాళాలు ఆగినా సేవ ఆగకుండా, తన రాబడితోనే నిలబడి పేదలకు వైద్యం చేసే సంస్థ మీరు చెబుతున్నది. దీనికి అందరూ చూపే ఉదాహరణ మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. ప్రభుత్వ ఉద్యోగ విరమణ తర్వాత డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దానిని ప్రారంభించి, డబ్బు కట్టగలిగినవారి నుంచి వచ్చిన రాబడితో కట్టలేనివారికి ఆపరేషన్లు చేస్తూ వచ్చారు. ఆపరేషన్‌లో కంటిలో అమర్చే విదేశీ కటకాల ధర భారమైనందువల్ల 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి ఇక్కడే చవకగా తయారుచేయించారు.

ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు ఉద్దానానికి తేవడం కుదరదని నా అభిప్రాయం. శుక్లం ఆపరేషన్ నిమిషాల్లో ముగుస్తుంది, కంటికి ఒక్కసారి చేస్తే చాలు, కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గుతుంది. డయాలసిస్ అలా కాదు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు, కిడ్నీ మార్పిడి జరగకపోతే బతికినంతకాలం చేయించుకోవాలి. పైగా రోగుల్లో అధికులు తోట పనులు, కూలి పనులు చేసుకునేవారే అయిన చోట, ఎక్కువ కట్టి పక్కవారి ఖర్చు మోయగలవారు ఎంతమంది ఉంటారు?

అందువల్ల మీ దృష్టిని డయాలసిస్ యంత్రం దగ్గర కాక, యంత్రం దాకా వచ్చే దారి మీద పెట్టమంటాను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అయితే వైద్యం ఉచితమైనా ఆటో ఛార్జీ ఉచితం కాదు. భర్తకు తోడు వెళ్లిన ఇల్లాలు ఆ రోజు జీడిపిక్కల పని మానుకుంటే ఆ కూలి ఎవరూ ఇవ్వరు. ఈ లెక్క ఇంటింటా రాయవలసినది.

జబ్బును ముందే పట్టుకునే పనికి బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ అనుభవం చదవండి. విరేచనాలైన పిల్లలకు మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం నీళ్లలో కలిపి పట్టడాన్ని 1980లలో దాని కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు నేర్పారు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నదాన్ని బట్టి కాక, కొన్నాళ్ల తర్వాత తల్లులకు ఎంత గుర్తుందో చూసి జీతం కట్టారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) ఎక్కువగా తేలినవారు నిజంగా డాక్టరు దగ్గరికి చేరారా అన్నదే మన దగ్గర కూడా కొలతబద్ద కావాలి.

ముందుగా ఒక్క ఊరు, 20 కుటుంబాలు, ఒక నెల ఖర్చు పుస్తకం చాలు. మీ విశ్వవిద్యాలయ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి, ప్రతి కుటుంబం సమ్మతి తీసుకోండి. ఏళ్ల తరబడి పరీక్షలకు రక్తం ఇచ్చిన ఊళ్లవి. మీరు తేల్చిన సంగతిని అచ్చుకు పంపకముందే వాళ్ల అరుగు మీద కూర్చుని చదివి వినిపించండి.