ఆయన వెళ్లి కాంపస్ చూసొస్తే మీ ఇంట్లో గొడవ ఆగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంజినీరింగ్ అయిపోయింది. ఎమ్మెస్సీకి బ్రిటన్‌లో రెండు యూనివర్సిటీల నుంచి ఆఫర్ లెటర్లు వచ్చాయి. తీరా డిపాజిట్ కట్టే సమయానికి మా వారు ‘నేను స్వయంగా వెళ్లి కాలేజీ చూసొచ్చాకే డబ్బు కడతా’ అని కూర్చున్నారు. వాడేమో ‘నాన్న అక్కడికి వస్తే నేను చదవనే చదవను’ అంటున్నాడు. రెండో సంవత్సరంలో వాడికి బ్యాక్‌లాగ్స్ ఉన్న సంగతి ఆయనకు బయటివాళ్ల ద్వారా తెలిసింది, అప్పటి నుంచి ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. గొడవవుతుందని అప్పట్లో నేనూ ఆయనకు చెప్పలేదు. ఏ విషయమైనా ఇద్దరి మధ్యా నేనే చెప్పాలి. ముందుగా వెళ్లి కాంపస్ చూడటం అవసరమా? వెళితే ఏం చూడాలి? వద్దని ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, మీరడిగిందానికి ముందు చెప్పేస్తాను. తప్పనిసరిగా వెళ్లాల్సిన అవసరం లేదు. డబ్బూ ఓపికా ఉంటే విజిటర్ వీసా మీద వెళ్లి చూడొచ్చు, అందులో తప్పేం లేదు. అక్కడి వేసవి సెలవుల్లో మాత్రం వద్దు, అప్పుడు క్లాసులుండవు, ప్రాజెక్టు రాసుకునే కొద్దిమంది పిల్లలు తప్ప ఎవరూ కనిపించరు, భవనాలు చూసి తిరిగి రావడమే అవుతుంది. క్లాసులు జరిగే రోజుల్లో వెళ్లి, అదే కోర్సు చదువుతున్న పిల్లల్ని పట్టుకుని వారానికి ఎన్ని రోజులు క్లాసులుంటున్నాయి, ల్యాబులో ఎంతసేపు ఉండనిస్తారు, గది ఎంత దూరంలో దొరికింది అని అడగాలి. మీ బాబు కూడా వెంట వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి, విజిటర్‌గా వెళ్లినవాళ్లు అక్కడే ఉండి దాన్ని స్టూడెంట్ వీసాగా మార్చుకోవడం కుదరదు, తిరిగొచ్చి దరఖాస్తు చేసుకోవాల్సిందే. విజిటర్ వీసా తిరస్కరిస్తే ఆ సంగతి తర్వాత స్టూడెంట్ వీసా దరఖాస్తులో రాయాలి కూడా.

విమానం ఎక్కకుండా ఇంట్లోనే చూడాల్సింది ఇంకా ముఖ్యం. ఆ కోర్సు ఏ కాంపస్‌లో చెబుతారో ఆఫర్ లెటర్‌లో వెతకండి. బ్రిటన్‌లో వేరే ఊళ్లలో ఉన్న కొన్ని యూనివర్సిటీలకు లండన్‌లో కూడా కాంపస్ ఉంటుంది, కోవెంట్రీ యూనివర్సిటీకి ఉన్నట్టు. బ్రోషర్‌లో ఫొటో ఒకచోటిది, పిల్లవాడు కూర్చునే క్లాసు ఇంకోచోటిది కావచ్చు. స్టూడెంట్ వీసాకు స్పాన్సర్ చేసే అనుమతి ఉన్న సంస్థల జాబితాను అక్కడి ప్రభుత్వం తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఆ పేరు అందులో ఉందో లేదో చూడండి. కన్సల్టెన్సీ మాట ఒక్కటే నమ్ముకోకండి, విద్యార్థిని పంపినందుకు చాలా యూనివర్సిటీలు వాళ్లకు కమీషన్ ఇస్తాయి. డిపాజిట్ ఏ పరిస్థితిలో తిరిగిస్తారో కట్టకముందే చదవండి. వీసా రాకపోతే ఒక రూలు, మనమే మనసు మార్చుకుంటే ఇంకో రూలు ఉంటుంది.

మీ వారికి ఇంకో సంగతి తెలిస్తే మంచిది. ఆయన అంత దూరం వెళ్లి అడ్మిషన్ల ఆఫీసులో కొడుకు పేరు చెప్పి వివరాలు అడిగినా, మీ బాబు ఒప్పుకున్నట్టు వాళ్ల దగ్గర లేకపోతే చెప్పరు. ఫీజు కట్టే తండ్రినని చెప్పినా అంతే. అక్కడి చట్టం ప్రకారం ఆ వివరాలు మీ బాబువి. అంటే ఆయన తెలుసుకోవాలనుకుంటున్నది కొడుకు నోటి నుంచే రావాలి.

ఇక ఆయన్ని ఎలా ఒప్పించాలని అడిగారు. ఒప్పించొద్దు. మళ్లీ మధ్యలో దూరడమే అది.

అందరూ దీన్ని తండ్రీకొడుకుల పంతం అనుకుంటారు, మీరూ అదే అనుకుంటున్నారు. నాకు మీ ఉత్తరంలో గుచ్చుకున్నది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ‘నేనూ ఆయనకు చెప్పలేదు’ అన్న మాట. కొడుకు పరీక్ష తప్పితే ఏ తండ్రికైనా కోపం వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. తన ఇంట్లో జరిగింది బయటివాళ్ల నోట విని, భార్యకు ముందే తెలుసని అర్థమైనప్పుడు ఆ మనిషికి ఎంత చిన్నతనంగా ఉండి ఉంటుందో ఆలోచించారా? కొడుకు గురించి మీరేం చెప్పినా ఇందులో ఇంకేం దాచారోనన్న అనుమానం ఆయనకు ఆ రోజే మొదలై ఉంటుంది. కాలేజీ బాగుంది, వాడు బాగా కనుక్కున్నాడు అని మీరెంత చెప్పినా స్వయంగా చూడాలంటున్నారంటే నాకేం వింతగా లేదు. మీ ఇద్దరి మధ్య నమ్మకం పోయింది, ముందు బాగుచేసుకోవాల్సింది అదే.

కాబట్టి వాడు ఇంట్లో లేనప్పుడు ఆయన దగ్గర కూర్చోండి. ‘అప్పుడు నాకు తెలుసు, దాచాను, అది తప్పు’ అని చెప్పండి. మీరు కోప్పడతారని భయపడ్డాను, వాడు బతిమాలాడు అని వెనకాల కారణాలు తగిలించకండి, అవి చెబితే నేరం మళ్లీ ఆయన మీదకే పోతుంది. ఆయన అరిస్తే అరవనివ్వండి, రెండు రోజులు మాట్లాడకపోతే ఊరుకోండి. భర్త ముందు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతామని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. నిజం చెప్పి తలెత్తుకుని ఉండటం కంటే ఆత్మగౌరవం ఇంకేముంది?

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య మాటలు మోయడం ఆపేయండి. ‘నాన్నకు చెప్పమ్మా’ అని వాడంటే ‘నువ్వే చెప్పు’ అనండి. తండ్రి కష్టార్జితంతో చదువుకుంటూ ఆయన అక్కడికి రాకూడదనడం నాకు అస్సలు నచ్చలేదు. చదివించే మనిషికి అడిగే హక్కు ఉంది. అలాగని ఇంజినీరింగ్ పూర్తి చేసిన కొడుకును దొంగను చూసినట్టు చూసే హక్కు తండ్రికి లేదు. ఈ మాటలు కూడా మీరు వెళ్లి చెప్పొద్దు, ఈ జవాబే వాళ్ల చేతికివ్వండి, ఎవరికి వాళ్లు చదువుకుంటారు.

డిపాజిట్ గడువుకు ముందు వాడే ఆఫర్ లెటర్లు తెచ్చి తండ్రి ఎదుట పెట్టాలి. రెండు కోర్సుల్లో తేడా ఏమిటి, ఏది కావాలి, ఎందుకు కావాలి, ఏడాదికి ఎంతవుతుంది అని మీ సాయం లేకుండా చెప్పాలి. అంతా విన్నాక కూడా ఆయన వెళ్లి చూస్తానంటే వెళ్లనివ్వండి, ఎవరిని కలవాలో వాడే రాసిస్తాడు. ఒకవేళ వాడు అదేదీ చెప్పలేకపోతే ఈ సెప్టెంబర్‌లో మొదలయ్యే కోర్సుకు డబ్బు కట్టకండి. జనవరిలో మొదలయ్యే కోర్సులు కూడా చాలాచోట్ల ఉన్నాయి, ఆఫర్‌ను అప్పటికి మారుస్తారేమో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి వాడినే అడగమనండి.