జేజిని నాయనమ్మ చేయొద్దు

అమ్మాయీ,

మీ ప్రెస్సు పేరు గురించి నువ్వు రాసిన వ్యాసం చేరి వారమైంది. మూడుసార్లు చదివాను. బాగా రాశావు. కానీ రెండో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. 'మా నాయనమ్మ త్యాగానికి గుర్తుగా తాత ప్రెస్సుకు ఆమె పేరు పెట్టారు' అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. ప్రొద్దుటూరులో పుట్టిన పిల్లవు, ఇంట్లో ఆమెను ఏనాడైనా నాయనమ్మా అని పిలిచావా? జేజీ అనేదానివి. కాగితం మీదికి వచ్చేసరికి ఆ జేజి ఎక్కడికి పోయింది?

40 ఏళ్ల కిందట నా మొదటి కథలో జేజి అనే మాట 14 చోట్ల ఉండింది. ఒక వారపత్రిక ఎడిటరు అన్నిచోట్లా నాయనమ్మ అని మార్చేశాడు. 'పాఠకులకు అర్థం కాదు' అని కార్డు ముక్క రాశాడు. ఏ పాఠకులకు? కడప, కర్నూలు, అనంతపురాల్లో చదివేవాళ్లు పాఠకులు కారా? అచ్చయిన కథ మా జేజికి చదివి వినిపిస్తే, అంతా విని, 'ఎవురు నాయనా ఈ ముసల్ది?' అని అడిగింది. ఆ మంట నాకు ఇప్పటికీ ఆరలేదు. ఇప్పుడు ఎడిటరు అవసరం లేకుండా నువ్వే ఆ పని చేసుకుంటున్నావు.

పుస్తకాలు వేసే సంస్థల పేర్లలో ఎక్కువగా తండ్రులే కనిపిస్తారు. 1854లో మద్రాసులో అచ్చుకూటం మొదలుపెట్టిన వావిళ్ళ రామస్వామి శాస్త్రుల పేరునే కొడుకు వెంకటేశ్వర శాస్త్రులు నిలబెట్టాడు. మన కావ్యాలెన్నో 'వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్' అనే పేరుతోనే చేతికొచ్చాయి. మీ తాత మాత్రం బోర్డు మీద పెండ్లాం పేరు రాయించాడు. ఆ రోజుల్లో మన ఊళ్లల్లో అది చిన్న పనా?

కాలితో తొక్కి అచ్చువేసే ట్రెడిల్ మిషన్ కోసం ఆమె కాసులపేరు అమ్మేసిందని ఫోన్లో చెప్పావు. చదువు రాకపోయినా, అచ్చు అయిపోయాక, అక్షరాలు పేర్చి బిగించిన ఫారాలు విప్పి, రాత్రి పొద్దుపోయేదాకా సీసపు అక్షరాలను ఏ గడిలోవి ఆ గడిలో వేసేదన్నావు. ఒత్తులు కూడా తప్పేది కాదన్నావు. వ్యాసంలో ఇవేవీ లేవేం? త్యాగం అని రాస్తే ఆ వేళ్లకంటిన మసి ఎవరికి కనిపిస్తుంది?

నా మొదటి పుస్తకం అచ్చు బిల్లు మా ఆవిడ గాజుల జతతో కట్టాను. పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా వేయలేదు. రెండో ముద్రణ రాలేదు, దిద్దుకునే వీలూ రాలేదు. అందుకే నిన్ను ఇంతగా కోప్పడుతున్నాను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు మీ నాయన్ను ఒకటి అడుగు. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మీ జేజి ఎరిగినవి అవే. బోర్డు మీద తన పేరు సరిగ్గా రాసి తగిలించిన రోజు, అది తన పేరేనని ఆమె గుర్తుపట్టిందా?