నల్లబల్ల పక్కనే ప్యానెల్: లెక్కల టీచరైన మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. దానికి జవాబు ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. రెండు రోజుల శిక్షణలో పదహారు యాప్‌లు చూపించి పంపేశారనీ, తిరిగి వచ్చేసరికి తరగతి గదిలో నల్లబల్ల పక్కన వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర, అదే ప్యానెల్, బిగించి ఉందనీ, తొమ్మిదో తరగతి పిల్లలు దాని మీద నీకంటే చురుగ్గా వేళ్లు కదుపుతుంటే చిన్నతనంగా ఉందనీ అన్నావు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషివి, నీకు చిన్నతనమేమిటమ్మా? ప్యానెల్ ఎలా తెరవాలో వాళ్లకు తెలుసు, దాని మీద ఏం చూపించాలో నీకు తెలుసు. ఆ రెండింటిలో నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది రెండోదే.

ముందుగా ఆ పదహారింటిలో పదిహేనింటిని ఈ ఏడాదికి పక్కన పెట్టు. ఏ యాప్ నేర్చుకోవాలన్న ప్రశ్నతో మొదలుపెట్టకుండా, ఏటా ఏ పాఠం దగ్గర నీ సుద్దముక్క ఓడిపోతున్నదో గుర్తుచేసుకో. నాకు ఆ పాఠం రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు. y = mx + c లో m మారితే గీత వాలు మారుతుందనీ, c మారితే గీత పైకో కిందికో జరుగుతుందనీ బల్ల మీద చూపించడానికి ఆరు గీతలు గీసేవాణ్ని. ఆరో గీత పూర్తయ్యేసరికి మొదటి గీత ఎందుకు గీశానో పిల్లలు మరిచిపోయేవారు. జియోజీబ్రా అనే లెక్కల యాప్‌లో ఒకే గీతను కదిలించి చూపిన రోజున, వెనుక బెంచీలో ఎప్పుడూ తల వంచుకుని కూర్చునే పిల్లవాడు లేచి నిలబడి మరీ చూశాడు. నాకు మిగతా యాప్‌లతో పరిచయం ఆ తరువాతే కలిగింది.

నువ్వు కూడా ఆ పాఠంతోనే మొదలుపెట్టు. లెక్క మాత్రం మన గోదావరి నుంచే తీసుకో. మన లంకల్లో పుట్టిన పిల్లలకు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని ఎవరూ నేర్పనక్కరలేదు. ఆయా మట్టాల వద్ద బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదిలే నీరు సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. అడుగులను అడ్డంగా, లక్షల క్యూసెక్కులను నిలువుగా తీసుకుని (11.75, 10), (13.75, 13), (17.75, 17) అనే మూడు బిందువులు పెట్టించు. తరువాత m, c లకు స్లైడర్లు (వేలితో జరిపితే విలువ మారే మీటలు) పెట్టి, మొదటి రెండు బిందువుల గుండా గీత పోయేలా జరపమని ఒక అమ్మాయిని పిలువు. m విలువ 1.5, c విలువ −7.625 దగ్గర గీత రెండింటినీ తాకుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. స్లైడర్ మామూలుగా −5 నుంచి 5 వరకే తిరుగుతుంది కాబట్టి, c హద్దులను ముందురోజే −10 నుంచి 10కి మార్చి, అది ఒక్కో మెట్టుకు 0.125 చొప్పున కదిలేలా సరిచేసుకుని ఉంచుకోవాలి. లేకపోతే అమ్మాయి ఎంత జరిపినా గీత ఆ రెండు బిందువులనూ ఒకేసారి తాకదు, తప్పు ఎవరిదో తెలియక క్లాసంతా గోలవుతుంది.

ఇప్పుడు ఆ గీతను మూడో హెచ్చరిక దాకా పోనివ్వు. 17.75 అడుగుల వద్ద అది 19 లక్షలు చూపిస్తుంది, మనం పెట్టిన బిందువు మాత్రం 17 దగ్గర కిందనే ఉండిపోతుంది. మొదటి రెండింటి మధ్య వాలు 1.5 అయితే తరువాతి రెండింటి మధ్య 1 మాత్రమేనని పిల్లలే లెక్కగట్టుకోవాలి, నువ్వు చెప్పవద్దు. వరదకు ఇల్లు ఖాళీ చేసి గట్టు మీద పడుకున్న పిల్లలు ఈ తేడా మీద ఎంత వాదించుకుంటారో చూస్తావు. వాదన మొదలవగానే ప్యానెల్ ఆపేసి, వాళ్లను మాట్లాడనివ్వు.

ఏ పాఠమైనా ముందురోజు సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక, అదే గదిలో అదే ప్యానెల్ మీద మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూసుకో. ఇంట్లో ఫోను మీద చూసుకున్నది లెక్కలోకి రాదు. ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. 2020లో బడులు మూసిన కాలంలో ప్లాస్టిక్ స్టూలు మీద ఫోను బోర్లా పెట్టి, స్టూలు మధ్యలో ఉండే రంధ్రం గుండా కెమెరా కింద నోటుపుస్తకాన్ని చూసేలా అమర్చి, నా తెలివికి నేనే మురిసిపోయి, అరగంటపాటు వర్గ సమీకరణాలు చెప్పాను. పిల్లలు కిక్కురుమనకపోతే శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. చివరికి ఫోను తిప్పి చూస్తే, మైకు మొదటి నుంచీ ఆపే ఉంది, చాట్‌లో "మాస్టారూ వినబడట్లేదు" అని ముప్ఫైసార్లు ఉంది. మీ అత్తయ్య ఈ కథ ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంది.

కరెంటునూ నెట్‌నూ ఎప్పుడూ నమ్మవద్దు. జియోజీబ్రాను ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే దీక్షా (ప్రభుత్వ పాఠాల యాప్) వీడియోలను కూడా ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అయితే ఆ వీడియోలను పెట్టేసి కుర్చీలో కూర్చునే ఉపాధ్యాయులను చాలామందిని చూశాను, నువ్వు వారిలో చేరవద్దు. రెండు నిమిషాలకొకసారి ఆపి ప్రశ్న అడుగు.

పరీక్షలకు గూగుల్ ఫారం మంచిదే. మార్కులు అదే వేస్తుంది, ఏ ప్రశ్నలో ఎందరు తప్పారో పటం గీసి చూపిస్తుంది. కానీ నాలుగు జవాబుల్లో తప్పువి మూడూ నోటికొచ్చినట్లు రాస్తే ఆ పటం వల్ల లాభం లేదు. (a + b)² ఎంత అని అడిగినప్పుడు ఒక తప్పు జవాబు a² + b² అయి ఉండాలి. దాన్ని ఎంచుకున్నవారెవరో తెలిస్తే మరుసటి రోజు ఎవరికి ఏం చెప్పాలో తేలిపోతుంది. జవాబును పిల్లలే రాయవలసిన ప్రశ్న పెడితే 1/2, 0.5 రెండింటినీ సరైన జవాబులుగా నమోదు చెయ్యి. లేకపోతే అది ఒకదాన్ని తప్పుగా కొట్టేస్తుంది. ఒకసారి నా వల్ల ఇద్దరు పిల్లలు అలా మార్కులు పోగొట్టుకుని ఏడ్చారు.

ఇంటి దగ్గర చేయవలసిన పని ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ముందు తెలుసుకో. మన వైపు చాలా ఇళ్లలో ఉన్నది ఒకే స్మార్ట్‌ఫోను. తండ్రి రొయ్యల చెరువు కాపలాకు వెళితే అది అతనితోనే పోతుంది. తల్లి కువైట్‌లో ఉన్న ఇంట్లో రాత్రి తొమ్మిది గంటలకు ఆ ఫోను అమ్మ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ వేళకు నువ్వు గడువు పెడితే ఆ పిల్ల లెక్క చేయాలా, అమ్మతో మాట్లాడాలా? అందుకే ఫారం గడువు కనీసం రెండు రోజులు ఉంచి, అవే ప్రశ్నలు కాగితం మీద కూడా ఇవ్వు.

పిల్లల చేతుల్లో ఫోన్లు లేకుండానే క్లాసులో పనికొచ్చేది ప్లిక్కర్స్ అనే యాప్. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఇస్తాం. జవాబు ఏ, బీ, సీ, డీలలో ఏదో దాన్నిబట్టి పిల్లలు కార్డు తిప్పి పట్టుకుంటారు, నీ ఫోను కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే చాలు. పక్కవాడి కార్డు చూసి రాయడానికి వీలుండదు, ఎందుకంటే ప్రతి కార్డు మీద గుర్తు వేరు.

ఇక చివరగా, చిన్నదని వదిలేయకూడనిది ఒకటుంది. బడి ప్యానెల్‌లో నీ సొంత గూగుల్ ఖాతా తెరవవద్దు, పాఠాల కోసం వేరే ఖాతా పెట్టుకో, గంట కొట్టగానే లాగౌట్ అవు. నేను మరిచిపోయిన రోజున మా హిందీ పండితుడి క్లాసులో మా మనవరాలి బారసాల ఫొటోలన్నీ వరుసగా వచ్చాయి. అది నవ్వుకునే సంగతి. ఆడపిల్లల ఫోను నంబర్లు వాట్సాప్ గ్రూపులో అందరికీ కనబడడం నవ్వుకునేది కాదు. గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరికీ మిగతావారి నంబర్లు తెలిసిపోతాయి కనుక, తల్లిదండ్రుల చేత నీ నంబరు సేవ్ చేయించి, బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపు. పిల్లల పేర్లు, ఫొటోలు అడిగే కొత్త యాప్ ఏదైనా ఎవరో బాగుందన్నారని వెంటనే పెట్టించవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటుంది.

వచ్చే గురువారం నేను పంటు ఎక్కి గోదావరి దాటి మీ బడికి వస్తున్నాను. నా దగ్గరున్న ప్లిక్కర్స్ కార్డులు నలభై, రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టాను. అవి నలిగిపోయాయని లామినేషన్ చేయిద్దామనుకునేవు, అట్లా చేయించకు, వెలుతురు పడి మెరిస్తే కెమెరా వాటిని చదవలేదు. నువ్వు మాత్రం బుధవారం సాయంత్రానికి ఆ మూడు బిందువులూ ప్యానెల్ మీద పెట్టి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య